కళాశాలావిద్యయు, ఆపద్వైద్యసేవయు
(మన సంఘ వార్షికమహాసభ రెండవనాటి విద్యాగోష్ఠియందు చేసిన యుపన్యాసము)



నేటి గోష్ఠిలో నాకు నియమింపబడిన విషయమును విని మీలో గొందఱాశ్చర్యపడియుందురు. ముప్పదియేండ్లకు మించి శబ్దమంజరియు రఘువంశమును బోధించి విశ్రాంతిగొన్న యుపాధ్యాయునకు ఆంబులెన్సు బండితో నేమి ప్రసక్తి యని మీరడుగవచ్చును. నా దౌహిత్రి అమెరికా సంయుక్తరాష్ట్రములలోని న్యూజెర్సీయందు బుట్టి పెరిగినది. అచ్చటనే యొక కళాశాలలో జీవశాస్త్రము చదువుచు, వారమునకొక రాత్రి ఆంబులెన్సుమీద బనిచేయుచున్నది. నిరుడు నేనాఱు మాసములు మా కుమార్తె యింటనుండి యీ వ్యవహారమునంతయు దగ్గఱనుండి గమనించితిని. నిద్రపట్టని ముసలివానికి రాత్రిపూట వాకిటితలుపు చప్పుడు వినుటకంటె వేఱు పని యేమున్నది? కార్యదర్శిగారికి నాయందు గనబడిన యర్హత యింతమాత్రమే.

రేపటి సర్వసభ్యసమావేశమున మన విద్యానిధి నిబంధనలపై చర్చ జరుగనున్నది. వేతనము గొని పనిచేయు విద్యార్థికి నిధినుండి సహాయమీయరాదని మన పాతనిబంధన. దాని నేర్పఱచిన పెద్దల యుద్దేశము మంచిదే. పిల్లవాడు పొట్టకొఱకు పరుగులిడక పుస్తకమునందే దృష్టి నిలుపవలెనని వారు తలచిరి. అయితే నిరుడు విదేశమున స్థిరపడిన మన కుటుంబములనుండి వచ్చిన దరఖాస్తులలో రెండింటిని ఈ నిబంధనమూలమున ద్రోసిపుచ్చవలసివచ్చెను. ఆ యిద్దఱును ఆంబులెన్సులలో బనిచేయుచు జదువుకొను పిల్లలే. అమెరికాలోనున్నవారందఱును ధనవంతులని తలచుట మనకలవాటు. దుకాణములలో నిలుచుండి కూలి గడించువారును, అప్పులు తీర్చుకొనువారును మనవారిలో నచ్చట నెందఱో కలరు. కాబట్టి ఆ పని యెట్టిది, అది చదువునకు జెఱుపా మేలా, మేలైనచో నెంతమేరకు, అను సంగతులు దెలిసికొనక రేపు చేయెత్తుట యుక్తము గాదని నా మనవి.

చదువుకొనుచు బాటుపడుట మన జాతికి గ్రొత్తగాదు. వారములు చేసికొని చదివినవారి కథలు మీ యిండ్లలో నన్నిటను వినబడును. సోమవారమొక యింట, మంగళవారమొక యింట భోజనము చేసి, ఆ యింటివారి నీళ్లబిందెలు మోసి, వారి పిల్లలకు నోటిలెక్కలు చెప్పి, వీధిదీపముక్రింద బాఠము వల్లించినవారు మా తండ్రుల తరమున బెక్కండ్రు. అది వేతనము గాదని యెవరైన వాదించినచో నే నొప్పుకొనజాలను. అన్నముకంటె మించిన వేతనమేది?

అమెరికాలో నీ పనివారిని ఈ.ఎం.టి. యని సంక్షేపముగా బిలుతురు. ఆపద్వైద్య పరిచారకుడని మనము చెప్పుకొనవచ్చును. ఆ దేశమున నీ వృత్తియందు నాలుగు మెట్లున్నవి. అన్నిటికన్న దిగువ మెట్టు ప్రథమస్పందకునిది. రెండవది మనము చెప్పుకొనుచున్న ఈ.ఎం.టి.ది. మూడవది దానికన్న నించుక యెక్కువ యధికారము గలది. నాలుగవది పారామెడిక్కుది. రెండవ మెట్టునకు వలయు శిక్షణ రమారమి 150 మొదలు 190 గంటలు. పారామెడిక్కగుటకు వేయిగంటలకు మించిన శిక్షణ వలయును గనుక, పూర్తికాలపు విద్యార్థి కందునది రెండవ మెట్టే. శిక్షణానంతరము జాతీయపట్టికవారి పరీక్ష యున్నది. ఆ సంస్థ 1970లో నేర్పడినది. కంప్యూటరుముందు గూర్చుండి వ్రాయు ఈ పరీక్షలో, అభ్యర్థి సమాధానములనుబట్టి ముందుప్రశ్నలు కఠినమో సులభమో యగుచుండును. నెగ్గినను ఆ యోగ్యతాపత్రము రెండేండ్లకే చెల్లును. మఱల 40 గంటల పునశ్చరణ చేసినగాని దానిని నిలుపుకొనరాదు. మన విద్యాశాఖలో నుపాధ్యాయులకిట్టి నియమమున్న బాగుండునని నాకప్పుడు తోచెను. అది వేఱు ప్రసంగము.

ఇక వీరు చేయదగినవేవి? శ్వాసనాడులను బరిశీలించుట, ప్రాణవాయువు నందించుట, కట్టుగట్టి నెత్తురు నిలుపుట, విఱిగిన యెముకకు బద్ద కట్టుట, గుండెనొప్పిచే బాధపడువానికి ఆస్పిరిన్ మాత్ర యిచ్చుట, మధుమేహరోగి చక్కెర తగ్గి సోలినపుడు నోట గ్లూకోజు వేయుట, ప్రసవించుచున్న స్త్రీకి సాయపడుట మొదలగునవి. గుండె యాగినవానికి నిమిషమునకు 100 మొదలు 120 మారులు, రమారమి 5 సెంటీమీటర్ల లోతునకు, ఱొమ్ము నదుమవలెను. మెదడునకు రక్తము చేరక నాలుగైదు నిమిషములు గడచెనేని చెఱుపు మొదలిడును. పెద్దవైద్యుడు వచ్చునంతవఱకు మృత్యువు వేచియుండదు గనుకనే యీ పరిచారకుల యవసరము.

మన చరకాచార్యుడు చికిత్సకు నాలుగు పాదములని చెప్పినాడు. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఇందు బరిచారకుని మూడవపాదముగ నిలిపి, వానికి వలయు గుణములు నాలుగని నిర్ణయించెను. ఉపచారమెఱుగుట, నేర్పుగలిగియుండుట, రోగియందనురాగము, శుచిత్వము. కుర్చీ యొక కాలు విఱిగిన నిలువదను సంగతి బడిపిల్లవానికిని దెలియును. అయినను మనవారు వైద్యునికి నమస్కరించి, ఔషధమునకు ధనము చెల్లించి, పరిచారకుని మాత్రము మఱచిరి. ఈ మఱపు మనకేగాక పశ్చిమదేశీయులకును చాలకాలముండెను.

అమెరికా చరిత్రయే యిందులకు దార్కాణము. 1960లలో నా దేశపు ఆంబులెన్సులలో సుమారు సగము శవసంస్కారము చేయు వ్యాపారుల చేతులలో నుండెడివి. మనిషిని పండుకొనబెట్టి తీసికొనిపోవుటకు దగిన పొడుగుబండి వారియొద్దనే యుండుట కారణము. బండి రోగిని మోసినను గూలి, శవమును మోసినను గూలి! 1966లో జాతీయ విజ్ఞానపరిషత్తువారు ప్రమాదమరణములగూర్చి యొక నివేదిక ప్రకటించి, దీనిని సమాజము పట్టించుకొనని రోగముగా వర్ణించిరి. పిమ్మటనే శిక్షణకు నియమములు, బండ్లకు బ్రమాణములు నేర్పడినవి. 911 అను సంఖ్యకు మొదటి పిలుపు 1968 ఫిబ్రవరి 16వ తేదీన అలబామాలోని హేలీవిల్ అను చిన్నయూరిలో జరిగెను.

పిట్స్‌బర్గు నగరమున జరిగిన దాని నిచ్చట గొంచెము విస్తరించి చెప్పెదను. సంఘముగ గూడిన మనకది యెక్కువ పనికివచ్చును. ఆ నగరపు హిల్ డిస్ట్రిక్టు అను పేటలో నల్లజాతివారు నివసించెడివారు. అచ్చట రోగి పడిపోయినచో బోలీసులు తమబండిలో వేసికొనిపోవుటయే గాని వేఱు దిక్కు లేదు. దారిలో జూచువాడుండడు. 1967లో పీటర్ సాఫర్ అను వైద్యుడును, ఫ్రీడమ్ హౌసు అను నా పేటలోని సంస్థయు గలిసి, పనిలేక తిరుగు యువకులను జేర్చి, 300 గంటల శిక్షణయిచ్చి, ఆంబులెన్సు సేవ నారంభించిరి. నోటిద్వారా శ్వాసమూదుటయు ఱొమ్మునదుముటయు గలిపి ప్రాణరక్షణవిధిగ రూపొందించినవారిలో సాఫర్ ముఖ్యుడు. 1966లో తన చిన్నకుమార్తెయే ఉబ్బసముచే మరణించుట జూచిన తండ్రి యతడు. ఎందునకు బనికిరారని లోకము తలచిన యా యువకులు పారామెడిక్కుల కాదర్శమైరి. 1975లో నగరపాలకులా సేవను మూసి తమ సొంతసేవ నేర్పఱచిరి. వీరిలో బలువురకు దగిన స్థానము లభింపకపోవుట యా నగరచరిత్రలో నొక మచ్చ. నేనీ కథను మా దౌహిత్రి శిక్షణాపుస్తకములు తిరుగవేయుచు దెలిసికొంటిని. మన సంఘము యేటేట కల్యాణమంటపములకు వ్యయించు సొమ్ములో నెంతో కొంత యిట్టి దానికి వ్యయింపరాదా యని యనుకొంటిని. ఇంతమాత్రమన్నందుకు దాతలు కోపింపకుందురుగాక.

స్వచ్ఛందదళముల కథ యింకను బ్రాచీనము. వర్జీనియాలోని రోనోక్ పట్టణమున జూలియన్ వైజ్ అను రైల్వే యుద్యోగి బాల్యమున నదిలో నిద్దఱు మునిగిపోవుచుండగా నొడ్డుననున్నవారు నిస్సహాయులై చూచుట గనెను. పెద్దవాడై 1928లో దోడివారిని గూర్చుకొని ప్రాణరక్షకదళమును స్థాపించెను. అట్టి దళములు పిమ్మట దేశమంతట వ్యాపించినవి. న్యూజెర్సీలో నేటికిని బెక్కూళ్లలో నివి యున్నవి. పగలు లెక్కలు వ్రాయు గుమాస్తా రాత్రి ఆంబులెన్సు నడుపును. కళాశాలలలోను విద్యార్థులే నడుపు దళములు గలవు. జార్జిటౌన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల దళము 1982లో నారంభమైనది. ఇట్టి కళాశాలాదళముల జాతీయసంస్థ 1993లో నేర్పడినది. ఇంతకన్న వింత, కనెక్టికట్టులోని డేరియన్ పట్టణమున 1970 నుండి ఉన్నతపాఠశాల పిల్లలు పెద్దల పర్యవేక్షణలో నాంబులెన్సు సేవ చేయుచున్నారు. మన యూళ్లలో నా యీడు పిల్లవానికి సైకిలిచ్చుటకు సంకోచింతుము.

వైద్యుడు గాగోరు పిల్లలే యీ పనికి విశేషముగ బోవుటకు గారణము వారి విద్యాక్రమమే. మన దేశమున నింటర్మీడియేటు ముగించిన పిమ్మట ప్రవేశపరీక్ష నెగ్గినవాడు నేరుగ వైద్యకళాశాల జేరును. అమెరికాలో నట్లుగాదు. ముందు నాలుగేండ్లు సాధారణకళాశాలలో జదివి పట్టము పొంది, ఎం.క్యాట్. అను పరీక్ష వ్రాసి, తరువాతనే వైద్యవిద్యకు దరఖాస్తు చేసికొనవలెను. ఆ దరఖాస్తులో మార్కులతోబాటు, రోగులసన్నిధి నీ వెట్లు మెలగితివి, ఈ వృత్తి యెట్టిదో చూచియే కోరుచున్నావా యని విచారింతురు. రోగినే యెఱుగనివాడు వైద్యుడగుదుననుట, నీరెఱుగనివాడు పడవ నడుపుదునన్నట్లుండును గదా. అయినను ఆంబులెన్సుసేవ చేసినవాడే యర్హుడని నియమమేదియు లేదు. ఆసుపత్రులలో లేఖకులుగ, వృద్ధాశ్రమములలో సహాయకులుగ బనిచేసియు నీ యనుభవమును బొందవచ్చును.

ఇక గంటల లెక్క చూతము. నే నుపాధ్యాయుడను గనుక లెక్క వేయక నమ్మను. వారమునకు 168 గంటలు. అచ్చటి కళాశాలలో 12 క్రెడిట్లు దీసికొన్నవాడు పూర్తికాలవిద్యార్థి. నాలుగేండ్లలో ముగింపదలచినవాడు సామాన్యముగ 15 దీసికొనును. ఒక క్రెడిటనగా దరగతిలో నొక గంటయు, వెలుపల రెండుగంటల కృషియు నని వారి సంప్రదాయము. అనగా 45 గంటలు. దినమున కెనిమిది గంటల నిద్ర 56. స్నానభోజనములు, రాకపోకలు, బట్టలుతుకుకొనుట మొదలగువానికి దినమునకు మూడేసి చొప్పున 21. ఇవన్నియు బోగా మిగులునవి 46 గంటలు. ఆంబులెన్సువంతు సాధారణముగ 12 గంటలు. వంతు ముగియుసమయమున బిలుపు వచ్చినచో మధ్యలో విడిచి వచ్చుటకు వీలులేదు. దానికిని ప్రయాణమునకును రెండుగంటలు చేర్చి 14 అనుకొందము. వారమున కొకవంతైన 32 గంటలు మిగులును. రెండైన 18. మూడైన నాలుగే గంటలు! ఆ నాలుగుగంటలలో జబ్బుపడుటకుగాని, స్నేహితునితో మాటలాడుటకుగాని, తల్లికి ఫోను చేయుటకుగాని సమయము గలదా? పైగా రసాయనశాస్త్రపు బ్రయోగశాలలో నొక్క క్రెడిటునకే మూడుగంటలు నిలుచుండవలసివచ్చును. విజ్ఞానశాస్త్రము చదువువాని లెక్క నే చెప్పినదానికన్న నెప్పుడును బిగువుగనే యుండును.

నిద్రలో గోతకోసి వంతులు పెంచుకొనుటయే యువకుల తొందరపాటు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకు లొక సంగతి నిరూపించిరి. వరుసగ 17 గంటలు మేల్కొన్నవాని చేయియు జూపును రక్తమున 0.05 శాతము మద్యమున్నవానితో సమానముగ మందగించును. ఒక దినమంతయు మేల్కొన్నచో 0.10 శాతమున్నవానితో సమానము. మన దేశచట్టప్రకారము బండి తోలువాని రక్తమున మద్యము 0.03 శాతమునకు మించరాదు. ఇక రాత్రియంతయు మేల్కొని యుదయమున సొంతకారెక్కి కళాశాలకు బోవు పిల్లయేమి? దారిలో జరుగు ప్రమాదమే మొదట భయపడవలసినది, పరీక్ష దప్పుట గాదు. 2018లో నీ వృత్తివారికై ప్రకటింపబడిన మార్గదర్శకములలో, వంతు 24 గంటలకు లోబడియుండవలెననియు, వంతునడుమ గునుకు దీయుటకు వీలు గల్పింపవలెననియు నున్నది. మా అల్లుడుగారు కుమార్తెకు విధించిన నియమమొక్కటే. రాత్రివంతు చేసిన మఱునాడు తాను గారు తోలరాదు. తండ్రి పోయి తీసికొనివచ్చును. నాకాయనయందు గౌరవము పెరిగెను.

మా దౌహిత్రి పద్ధతి మీకుపకరించునేని చెప్పెదను. సెమిస్టరు మొదటివారమునందే అన్ని పాఠ్యప్రణాళికలు ముందుంచుకొని, పరీక్షలు జరుగు తేదీలన్నియు నెఱ్ఱసిరాతో గోడక్యాలెండరున వ్రాయును. ఆ తేదీలకు ముందు రెండురాత్రులు వంతు లేదు. మిగిలిన దినములలో శుక్రవారపు రాత్రినే కోరుకొనును. శనివారము నిద్రకు దొరకునని. శిక్షణ బొందినది వేసవి సెలవులలో. సెమిస్టరు నడుమ నా శిక్షణ గూడ నెత్తుకొన్నచో నది యొక పెద్ద పాఠ్యాంశమునకు సమానమై నెత్తిపై గూర్చుండును. చాలమంది జారిపడునది యచ్చటనే. ఇక ఆంబులెన్సుకేంద్రమున బిలుపురానివేళ జదువుకొందునని పిల్లలు తలిదండ్రులకు జెప్పుదురు. ఆ మాట సగమే నిజము. చదివినదాని నెమరువేయవచ్చును, చీటీలపై వ్రాసికొన్న నామములు వల్లించవచ్చును. కొత్తవిషయము మాత్రము బుఱ్ఱకెక్కదు. చెవి యెల్లప్పుడు రేడియోమీదనే యుండును గదా. ద్వంద్వసమాసము నేర్చుకొనుచు బాము వచ్చునేమోయని వాకిలిచూచువానికి సమాసము రాదు.

పని యంతయు వీరరసమేయని తలచి చేరువారు కొలదికాలముననే మానుకొందురు. కూలికిచ్చు సంస్థలలో బనియెక్కువగ నేమనగా, వారమునకు మూడుమారులు మూత్రపిండరోగులను రక్తశుద్ధికై తీసికొనిపోవుట, ఆసుపత్రినుండి వృద్ధులను వృద్ధాశ్రమమునకు జేర్చుట. సైరను మ్రోగదు. ఎవరును జూడరు. ఆ ముసలవ్వ పోయినవారము చెప్పిన కథనే మఱల జెప్పును. దానిని మొదటిసారి విన్నట్లు వినుట కళాశాలలో నెవరు నేర్పగలరు? నా యభిప్రాయమున నీ నీరసమైన పనియే వైద్యుడగువానికి శ్రేష్ఠమైన పాఠము. వేతనమును గూర్చి చెప్పుదునా, ప్రభుత్వపు లెక్కలప్రకారము 2023లో ఈ.ఎం.టి.ల మధ్యస్థ వార్షికవేతనము 39 వేల డాలర్లకు లోపే. ఆ దేశపు ఖర్చులకది చాలని వేతనము. ధనాశతో దీనిలో జేరు బుద్ధిహీనుడెవడును లేడు.

తలిదండ్రులకొక మాట. ఒకరాత్రి మా పిల్ల తెల్లవాఱుజామున వచ్చి, బూట్లు వాకిటనే విడిచి, మాటలాడక స్నానమునకు బోయి, పిమ్మట వంటయింటిలో గూర్చుండి చల్లారిన యన్నము పెరుగుతో దినెను. ఏమి జరిగెనని మా యావిడ యడిగెను. "చెప్పకూడదమ్మమ్మా" యని మాత్రమనెను. రోగి రహస్యములు బయటపెట్టరాదని 1996లో వారు చేసిన చట్టమున్నది. చట్టము లేకున్నను జెప్పదగనివి కొన్ని యుండును. అట్టిసమయమున ఎవరు చచ్చిరి, ఎట్లు చచ్చిరి యని గ్రుచ్చిగ్రుచ్చి యడుగుట ప్రేమగాదు. పిల్లవాడు నాలుగువారములు నిద్రపట్టక, చదువు మీద మనసు నిలువక, చిరాకుపడుచున్నచో మాత్రము కేంద్రపు పెద్దలకుగాని, కళాశాలలోని మనోవైద్య సలహాదారునకుగాని చూపవలెను. దీనిని బిఱికితనమని యెంచు మూర్ఖత్వము మన యిండ్లలో నింకను బోలేదు.

మైల విషయమును గూడ నడిగినవారున్నారు. శవమును ముట్టి యింటికి వచ్చిన పిల్ల దేవునిగది యొద్దకు బోవచ్చునా యని యొక పెద్దమ్మగారు నన్ను బ్రశ్నించిరి. స్నానము చేసి వెళ్లవచ్చునంటిని. ఆ స్నానము సూక్ష్మజీవులకును జెల్లును, శాస్త్రమునకును జెల్లును. దిక్కులేని శవమును సంస్కరించినవానికి మన ధర్మశాస్త్రములు గొప్పఫలము జెప్పుటయు, అట్టివానికి స్నానమాత్రముననే శుద్ధియనుటయు సభలోని పండితులెఱుగుదురు. ఎవరిని ముట్టవలసివచ్చునో, యే జాతివానిని మోయవలసివచ్చునో యను మాట యెవరైన మనసులో నుంచుకొన్నచో, వారికి నా సమాధానమిది. నెత్తురు గాఱుచున్నవానిని గోత్రమడుగు పరిచారకుని జరకుడు పరిచారకులలో లెక్కింపలేదు.

విద్యార్థివీసాపై నచ్చటికేగిన మన పిల్లలీ పని జేయవచ్చునా యని పలువురుత్తరములు వ్రాసిరి. చేయరాదనియే నేను చెప్పుదును. ఎఫ్-1 వీసా గలవారికి జదువునడచుకాలమున విద్యాలయపు టావరణలో వారమునకు 20 గంటలవఱకు మాత్రమే పని. వెలుపలి యాంబులెన్సు సంస్థలో వేతనమునకు జేరుట చట్టవిరుద్ధము. సాధారణముగ వేతనమిచ్చు పనిని వేతనము లేక చేయుదుననుటయు జిక్కులు దెచ్చును. కళాశాలవారే నడుపు దళమైనచో, విదేశవిద్యార్థుల కార్యాలయము ననుమతి వ్రాతమూలమున బొందిన పిమ్మటనే యడుగు వేయవలెను. వీసా పోయినచో జదువును బోవును, సేవయు బోవును.

ఇక్కడి సంగతి వేఱు. మన 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదునుండి యారంభమై, పిమ్మట ననేకరాష్ట్రములకు వ్యాపించినది. అందు బనిచేయు పరిచారకులు పూర్తికాలోద్యోగులు. కళాశాల విద్యార్థి వారమున కొకరాత్రి చేరి పనిచేయునట్టి ద్వారము మన కింకను దెఱచుకొనలేదు. తెఱచుకొనువఱకు మన వసతిగృహములోని పిల్లలందఱకు ఱొమ్మునదుము విధియైన నేర్పింపుడని నేను కార్యవర్గమును గోరుచున్నాను. దానికి రెండుపూటలు చాలును. వసతిగృహపు టావరణలో బడిపోయినవాని చుట్టును నలువదిమంది నిలుచుండి చూచుట తప్పును.

రేపటి సవరణకు వచ్చెదను. కొందఱు పోషకులు మధ్యేమార్గమును సూచించిరి. వేతనములేక స్వచ్ఛందముగ సేవ చేయువారికి సహాయమిచ్చి, వేతనము గొనువారికి మాత్రము నిరాకరింతమని. వినుటకిది ధర్మముగ దోచును. ఫలమును విచారింపుడు. తండ్రి వైద్యుడైన పిల్లవాడు వేతనము లేక సేవ చేయగలడు. తండ్రి పెట్రోలుబంకున గూలిచేయువాడు వేతనము గొనక చేయలేడు. ఇద్దఱును మోయునది యొకే స్ట్రెచరు. మన నిధి యెవరికై యేర్పడినదో వానినే ద్రోసి, అక్కఱలేనివానికి నిచ్చినట్లగును. ఈ మధ్యేమార్గమును నేనంగీకరింపను.

నేను మా కార్యదర్శిగారి కందజేసిన ప్రతిపాదన యిట్లున్నది. ఆపద్వైద్యసేవయందు యోగ్యతాపత్రము పొంది పనిచేయు విద్యార్థి, సెమిస్టరు నడచుకాలమున వారమునకు 12 గంటల వంతొకటికి మించక పనిచేయుచు, ప్రతి సెమిస్టరును మార్కులపట్టికను దాఖలు చేయునేని, వేతనము గొనుచున్నాడను కారణమున సహాయమునకు నర్హుడు గాకపోరాదు. సెలవుదినములలో నీ మితి లేదు. మార్కులు తగ్గినచో సహాయము నాపక, ఆ సెమిస్టరు వంతులు మానుకొని చదువుకొనుటకు వలయు భత్యమును నిధి యీయవలెను. చివరి యంశమునకు వ్యయమగునని కోశాధిపతిగారు నొసలు చిట్లించిరి. ఎంతయగునో రేపు వారే లెక్క చెప్పుదురు. నిరుడు ద్రోసిపుచ్చిన రెండు దరఖాస్తులను ఈ సవరణక్రింద మఱల విచారింపవలెనని వేఱొక వాక్యమును జేర్చితిని. ప్రతులు ద్వారమువద్ద బల్లపై నున్నవి. సంతకము చేయదలచినవారు భోజనమునకు లేచుటకు ముందే చేయుదురుగాక.